పొట్టపరీక్షకు జత కావాలి

మా చిన్నప్పుడు తిరుత్తణి బడిలో పొట్టకు కూడా పరీక్ష ఉండేది...

ఇసుకలో పరచిన కొబ్బరిపీచు పట్టా మీద వెల్లకిలా పడుకోవాలి. రెండు చేతులూ మెడ వెనుక కట్టుకోవాలి. డ్రిల్లు మాస్టరుగారు గొలుసు గడియారం చూసి ఈల ఊదగానే లేచి, నుదురు మోకాళ్ళకు తాకించి, మళ్ళీ పడుకోవాలి. మరో ఈల వినబడేలోగా ఎన్నిసార్లు లేవగలిగితే పొట్టకండరాలకు అంత ఓర్పు ఉన్నట్టు. చేతులు మెడను వదిలితే ఆ లేవడం లెక్కలోకి రాదు.

మేము దీనిని ‘పొట్టపరీక్ష’ అనేవాళ్ళం. అది తెలుగు మాటకు సంస్కృతపదం అతికించిన వైరిసమాసమని, ఉపాధ్యాయుణ్ణయ్యాక, ఎందరో పిల్లలకు నేనే ఉదాహరణగా చెప్పాను. అయినా ‘ఉదరపరీక్ష’ అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు...

లేచేటప్పుడు కాళ్ళు గాలిలోకి తేలకుండా ఒకరు చీలమండలను అదిమి పట్టుకోవాలి. ఆ ఒకరిని ఎవరికి వారే తెచ్చుకోవాలి. నాకు చిక్కు అక్కడే వచ్చింది.

అమ్మ పోయిన ఏడాది అది. నాన్న అత్తిమంజేరిపేటలో సేద్యం విడిచి రాలేడు. నన్ను తిరుత్తణిలో మామ ఇంటికీ, అక్కను తిరువళ్ళూరులో పిన్ని ఇంటికీ పంపించారు. మామా, అత్తా చెడ్డవారు కారు. పిల్లలు లేని ఇల్లు కనుక మాటలకు అలవాటు పడలేదు. అన్నం పెట్టి, “తింటివా?” అని అడిగేవారు. తిన్నానంటే ఆ పూటకు మాటలు ముగిసినట్టే...

ఆ ఏడు పొట్టపరీక్షలో నెగ్గినవాళ్ళను డ్రిల్లు ప్రదర్శనకు రైల్లో తిరువళ్ళూరు తీసుకుపోతామన్నారు. ప్రదర్శన మీద నాకు ఆశ లేదు. తిరువళ్ళూరులో అక్క ఉంది.

మామ ఇంటి నడవలో ఒక పాత భోషాణం ఉండేది. దాని అడుగు సందులో పాదాలు దూర్చి, రోజూ సాయంత్రం సాధన చేశాను. మనిషంత బరువున్న చెక్కపెట్టె... కదిలేది కాదు, పలికేదీ కాదు. పొట్ట మాత్రం రాయిలా గట్టిపడింది. వస్తున్నానని, అటు వెళ్ళే మనిషితో అక్కకు కబురు కూడా పంపాను.

పరీక్షనాటికి అందరూ ఊళ్ళవారీగా జతలు కట్టేశారు. పళ్ళిపట్టు పిల్లలు పళ్ళిపట్టు పిల్లలతోనే. అత్తిమంజేరిపేట నుంచి నేనొక్కణ్ణే. నా పక్కన కూర్చునేవాణ్ణి అడిగాను.

“నా జత యాడో ఉండాడు, వస్తాడు. నువ్వు ఇంగెవుర్నన్నా చూసుకోబ్బా” అన్నాడు.

“మీ మామింట్లో భోషాణం ఉండాదంటివే, దాన్నే ఎత్తుకోని రాపోరా!” అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను...

మాస్టరుగారు వచ్చారు. “ఏమిరా, నీ జత యాడ?”

“లేడు సార్.”

“సరి, పడుకో. నేనుండా గదా!” అంటూ ఆయనే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చొని నా చీలమండలు పట్టుకున్నారు.

కాళ్ళు వెనక్కు లాక్కోబోయాను. పొరపాటున పెద్దలకు కాలు తగిలితే, ముట్టుకొని కళ్ళకద్దుకోవాలని నేర్పిన ఇల్లు మాది. పెద్దలు మన కాళ్ళు ముట్టుకుంటే ఆయుస్సు తరుగుతుందని అమ్మ చెప్పేది. ఇప్పుడు సాక్షాత్తు గురువే...

ఈల మోగింది. లేచాను. ఎదురుగా ఆయన ముఖం. నా చేతులు మెడను వదిలి, వాటంతటవే దండం పెట్టాయి.

“చెల్లదు!”

పడుకొని లేచాను. మళ్ళీ దండం.

“చెల్లదు! చేతులు ఎందుకురా తీస్తావు?”

“మీరు సార్... నా కాళ్ళు...”

“నేను సామిని కాదురా, డ్రిల్లు మాస్టర్ని! దండం నిలిపేసి లెయ్యి!”

మైదానం గొల్లుమంది. ఎంత బిగబట్టినా, ఆయన ముఖం దగ్గరకు వచ్చేసరికి చేతులు జారిపోయేవి. రెండో ఈల మోగేటప్పటికి నా పొట్ట అలసిపోలేదు. ఇంకా లేవగలను. చెల్లినవే చాలలేదు...

“బలముండాదిరా నీకు. ఏం చేసేది, రూలు రూలే” అని ఆయన నా వీపుకు అంటిన ఇసుక దులిపారు.

రైలు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం భోషాణానికి ఆనుకొని ఊరకే కూర్చున్నాను.

సెలవులకు అక్క వచ్చింది. ఆనాడు ప్రదర్శన మైదానం గోడ పక్కన నిలబడి, వచ్చిన పిల్లలందరి ముఖాలూ చూసిందట. “ఒగ వరస పొయినాక ఇంగో వరస చూస్తిని. నువ్వు కనపడలా...” అంది.

జరిగింది చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. దండెం మీది తువ్వాలు తెచ్చింది.

“పడుకోరా.”

“నువ్వు పెద్దదానివి గదక్కా, తప్పు.”

“గుడ్డ అడ్డముంటే తప్పు లేదులే!”

నా చీలమండల మీద తువ్వాలు కప్పి, దానిపైన గట్టిగా పట్టుకుంది. ఇంత చిన్న ఉపాయం... ఆనాడు మైదానంలో ఒక్కరికీ తోచలేదు.

నేను లేస్తూనే ఉన్నాను. చేతులు మెడను వదలలేదు. అక్క లెక్కపెడుతూ, ఉన్నట్టుండి ఆగేది. “తప్పిపొయిందిరా... మొదట్నుంచీ రా.” కాసేపటికి మళ్ళీ తప్పేది. నోటిలెక్కల్లో నాకంటే గట్టిది మా అక్క. తెలిసే తప్పుతోందని నాకూ తెలుసు. అయినా మళ్ళీ ఒకటి నుంచి లేచేవాణ్ణి...

సెలవులు అయిపోయాక అక్కను రైలెక్కించాము. తువ్వాలు దండెం మీదికీ, నా కాళ్ళు భోషాణం కిందికీ తిరిగి వెళ్ళాయి.

మొన్న మా మనవడు తాను వ్యాయామశాలలో అదే పరీక్ష చేసిన దృశ్యాన్ని ఫోనులో చూపించాడు. ఇప్పుడు కాళ్ళను పట్టుకోవడానికి యంత్రానికి మెత్తటి పట్టీలున్నాయి. లెక్క కూడా యంత్రమే పెడుతుందట. ఒక్కటి కూడా తప్పదట.

“జత అక్కర్లేదు తాతా!” అన్నాడు సంబరంగా. బాగుందన్నాను.

అక్క పోయి చాలా కాలమైంది. నా కోసం లెక్క తప్పేవాళ్ళు మరి లేరు...

మీ బడిలో మీ కాళ్ళు ఎవరు పట్టుకునేవారు? గుర్తుంటే వారి పేరు ఇక్కడ వ్రాయండి. నేను చదువుతాను...