అక్క పెళ్ళిలో మా నాన్న ఓడిన ఆట

మా చిన్నప్పుడు... అక్క పెళ్ళికొడుకుని చూడ్డానికి ఊరంతా ఎగబడితే, మా నాన్న మాత్రం పెళ్ళికొడుకు బాబాయిని చూడ్డానికి ఎగబడ్డాడు.

ఆయన పేరు శివరామయ్య గారు. గుంటూరు నుంచి మాచర్ల దాకా పేకాట తెలిసినవాళ్ళలో ఆ పేరు విననివాళ్ళు లేరు. మూడు ముక్కలు పడేసరికి ఎవరి చేతిలో ఏముందో చెప్పేస్తారని అనేవాళ్ళు. అలాంటి మనిషి మాకు వియ్యంకుడవుతున్నాడు... నడికుడి స్టేషన్లో రైలు దిగి, మా బండెక్కి, గురజాల పక్కనున్న మా ఊరొస్తున్నాడు...

మా నాన్నకి సంబంధం ఖాయం చేసుకున్నప్పుడు కూడా అంత సంబరం లేదు. మిరప చేలో పని అయ్యాక ఆయనకి ఉన్న ఒకే ఒక్క సరదా పేక. ఆయన జోడీ మా వీధి దర్జీ మస్తాన్ బాబాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే మా ఊళ్ళో వాళ్ళని ఓడించినవాళ్ళు లేరు. శివరామయ్య గారు వస్తున్నారని తెలిసి మస్తాన్ బాబాయి అక్క రవిక కుట్టడం ఆపేసి, ముందు తనకో చొక్కా కుట్టుకున్నాడు. అమ్మ పెట్టిన చీవాట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

మగపెళ్ళివారికి విడిది మా బడిలో ఇచ్చారు. యుద్ధం రోజులు... కిరసనాయిలు దొరకడమే గగనం. అందుకని ఆట ఏదైనా పగలే. భోజనాలయ్యాక శివరామయ్య గారే కబురంపారు, బావగారు వస్తారా, నాలుగు చేతులు వేద్దాం అని. మా నాన్న పంచె రెండుసార్లు మార్చుకున్నాడు. నేను కళ్ళారా చూశాను.

అప్పుడొచ్చింది మా నాయనమ్మ.

"ఒరేయ్, వాళ్ళు మగపెళ్ళోళ్ళు. ఇంకా ముహూర్తం కాలేదు. అంత పేరున్న మనిషిని నువ్వు గెలిచావనుకో, మొహం మాడ్చుకుని బండి కట్టమంటే నీ కూతురు గతి ఏందిరా? మర్యాదగా ఓడిపోయి రా."

"అమ్మా, జన్మకోసారి వచ్చే ఆటే..."

"పిల్ల పెళ్ళి కూడా జన్మకోసారేరా."

అంతదాకా వెలిగిపోతున్న నాన్న మొహం అట్లాగే వాడిపోయింది. నాకైతే నాయనమ్మ మీద ఎంత కోపం వచ్చిందో...

బడిలో చాప పరిచారు. తురుపాట. నాన్న, మస్తాన్ బాబాయి ఒక జోడీ. శివరామయ్య గారు, వాళ్ళ తాలూకు ఒకాయన ఇంకో జోడీ. నేను నాన్న వీపుకి ఆనుకుని కూర్చున్నాను. శివరామయ్య గారు పేక కలుపుతుంటే ముక్కలు నీళ్ళలా జారుతున్నాయి... నాన్న ఊపిరి బిగబట్టడం నా చెంపకి తెలుస్తోంది.

ఆట సగంలో మస్తాన్ బాబాయి తురుపు రాజు వేశాడు. ఆ పట్టు ఎలాగూ మాదే. అయినా నాన్న దాని మీద తురుపు ఆసు పారేశాడు. మస్తాన్ బాబాయి నోరు తెరిచాడు. కాసేపటికి నాన్న చేతిలోంచి అన్నిటికన్నా చిన్న తురుపు, రెండు, బయటికొచ్చింది.

శివరామయ్య గారు తన ముక్కలు బోర్లా పెట్టేశారు. అయిపోయింది, అక్క పెళ్ళి ఆగిపోయింది అనుకున్నాను.

"బావగారూ, చేతిలో రెండుండగా ఆసు పారేశారు. మీరు ఆట రానోళ్ళు కాదు. ఏంది కథ?"

నాన్నకి అబద్ధం రాదు. "మా అమ్మ ఓడిపొమ్మంది" అన్నాడు.

ఆయన నవ్వలేదు. గుమ్మం అవతల నాయనమ్మ ఉందని ఎలా కనిపెట్టారో, అటు తిరిగి చెప్పారు. "అత్తగారూ, భోజనం దగ్గర చేసిన మర్యాదలు చాలు. ఆట దగ్గర మాత్రం చెయ్యనియ్యమాకండి. ఎక్కడికి పోయినా జనం నా పేరుకి జడిసి ఆడతన్నారు. మనసు పెట్టి ఆడేవాడు దొరికి చానా కాలమైంది. మీ వోణ్ణి ఒక్కాట నాకు వదిలెయ్యండి. ఓడినా అలగను."

నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆడుకోండి నాయనా. ఒరేయ్, సరిగ్గా ఆడు" అంది.

అబ్బ... ఆ తర్వాత ఆట చూడాలి! విడిదిలో కునుకు తీస్తున్నవాళ్ళంతా లేచొచ్చి చుట్టూ మూగారు. మా నాన్నని అట్లా నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఎత్తు వేస్తే శివరామయ్య గారు తల ఊపడం, ఈయన సిగ్గుపడ్డం... చెరి ఆరు పట్లు వచ్చాయి. చివరి ముక్క మిగిలింది. నాన్న ఆఠీను రాజు వేశాడు. ఆసు ఎప్పుడో పోయింది, తురుపులన్నీ అయిపోయాయని అందరి లెక్క. మస్తాన్ బాబాయి అప్పుడే మీసం దువ్వుకున్నాడు. శివరామయ్య గారు మెల్లగా తురుపు మూడు తీసి దాని మీద పెట్టారు.

నాన్న ఆ ముక్కని చూసి, చూసి... పగలబడి నవ్వాడు. లేచి ఆయన్ని కావిలించుకున్నాడు. ఆ సాయంత్రం వడ్డన చేస్తూ కూడా పంక్తి పంక్తికీ తను ఎలా ఓడిపోయాడో చెప్పాడు. సాంబారు పోయడం మర్చిపోయి మరీ చెప్పాడు.

అప్పగింతలప్పుడు ఇల్లంతా ఏడుస్తోంది. నాన్న అయితే పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాయనమ్మ ఒక్కతే కళ్ళు తుడుచుకుని ఆయన భుజం తట్టింది. "ఏడవమాకరా. గెలుపు ఊరికే ఇస్తానన్నా వద్దన్న మనుషులు. ఆ ఇంట్లో మన పిల్ల మాటకి విలువుంటది."

నిజంగానే ఉండింది. అక్క ఉన్నన్నాళ్ళూ ఆ మాట చెప్పేది.

ఇప్పుడు మా మనవడు ఫోన్లో పేకాడుతుంటాడు. ఎక్కడెక్కడి పెద్ద ఆటగాళ్ళతోనో ఆడానంటాడు. వాళ్ళెవరో వీడికి తెలీదు, వీడెవరో వాళ్ళకి తెలీదు. ఓడితే ఇంకో ఆట నొక్కుతాడు... ఓడించినవాణ్ణి కావిలించుకునే వీలు ఆ ఫోన్లో ఎక్కడుంది?

మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఓ పెద్ద ఆటగాడి చేతిలో సంతోషంగా ఓడిపోయి ఉంటారు... ఎవరు వాళ్ళు? కాస్త చెప్పండి, వినాలనుంది.