టైలరమ్మ కుడికాలు

బేస్ గిటార్ నేర్చుకోవాలని టైలరమ్మ ఏనాడూ అనుకోలేదు. తన మానాన తను కుట్టుమిషన్ తొక్కుకుంటుంటే, ఆ గిటారే వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంది.

కుట్టు షాపు వెనకగదిలో ఆమె మరిది వాళ్ళ బ్యాండు ప్రాక్టీసు చేసుకునేది. మరిది డ్రమ్ములు వాయిస్తాడు. యూనిఫాంల సీజను వచ్చిందంటే టైలరమ్మ కూడా పాత మిషన్ ముందేసుకుని ఆ గదిలోనే ఓ మూల కూర్చునేది. వాళ్ళ గోల వాళ్ళది, ఆమె కుట్టు ఆమెది. ఒకరోజు దారం తెగి ఆమె మిషన్ ఆపేసరికి, వెనక పాట కూడా తడబడి ఆగిపోయింది.

"ఆపకు వదినా!" అన్నాడు మరిది. "ఇన్నాళ్ళూ నీ మిషన్ తాళాన్ని పట్టుకునే వాయిస్తున్నానని ఇప్పుడు తెలిసింది."

అప్పుడందరూ నవ్వారు. బేస్ వాయించే అతను ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాక మాత్రం మరిది నవ్వకుండానే వచ్చి అడిగాడు. అలా ఆ నాలుగు లావు తీగల గిటార్ ఆమె చేతికొచ్చింది. పాటకి బేస్ అంటే కోటుకి లైనింగులాంటిదని, పైకి కనపడదు గానీ లేకపోతే కోటు నిలబడదని మరిది చెప్పాడు. ఆ మాట ఆమె బుర్రకి చక్కగా ఎక్కింది. వేళ్ళలో బలం ఉంది, తాళం కాలిలో ఉంది. మిగతాది నేర్చుకుంది.

గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్ కొనడానికి వెళ్ళినప్పుడు మ్యూజిక్ షాపాయన వాట్లనీ ఇంచీలనీ ఏకరువు పెడుతుంటే, ఆమె ఆ పెట్టెని రెండు చేతులా ఎత్తి చూసి, "స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పడుతుందా అండీ?" అని అడిగింది. పడుతుందన్నదే తెచ్చుకుంది. అది పాతది, స్పీకరు ముందు గుడ్డ చిరిగిపోయి ఉంది. మిగిలిపోయిన సూటు గుడ్డ తీసి, అంచుకి పైపింగు వేసి మరీ తొడిగింది.

"చూస్తే సూటేసుకున్న పెళ్ళికొడుకులా ఉంది," అన్నాడు మరిది. "వింటే దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది."

గొణుక్కుంటూనే కుట్లు విప్పి పల్చటి నెట్టు గుడ్డ వేసింది. యాంప్ గొంతు తెరిపిన పడింది. అప్పటినుంచీ షాపులోకి ఏ గుడ్డ వచ్చినా, గాలి ఎంత పోతుందోనని ముందు నోటి దగ్గర పెట్టుకుని ఊది చూడటం ఆమెకి అలవాటైంది. కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు.

బ్యాండు లీడర్ కీబోర్డు వాయిస్తాడు. ఆయన్ని అందరూ తాళంచెవి అంటారు. వాయించేది కీబోర్డు కావడం ఒక కారణమైతే, వ్యాను తాళాలు ఎప్పుడూ వేలికి తిప్పుకుంటూ ఉండటం ఇంకో కారణం. ఒక సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఆయన తాళాలు తిప్పడం ఆపాడు.

"టైలరమ్మా, ఏమీ అనుకోకండి. శనివారం కంపెనీ వాళ్ళ ఫంక్షను పెద్ద హాల్లో. చిన్న హాళ్ళలో మీ బేస్ బాగానే ఉంటుంది. అక్కడ మాత్రం హుషారు పాటల దగ్గర పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంటుంది. ఏదైనా ఉపాయం చూడండి. కుదరకపోతే కంగారేం లేదు, నా ఎడంచెయ్యి ఖాళీయేగా! బేస్ కూడా నేనే లాగించేస్తా."

అంటూ ఎడంచెయ్యి పైకెత్తి వేళ్ళాడించాడు. ఆమె నవ్వింది. నవ్విందే గానీ, రాత్రి అన్నం కలుపుతుంటే ఆ వేళ్ళే కళ్ళముందు ఆడాయి. ఆ చెయ్యి ఒకసారి పనిలోకి దిగిందంటే ఇక తను కూర్చుని వాయించే స్టూలుతో ఎవరికీ పనిలేదు. పొద్దుటినుంచీ 'ఇక్కడ వదులు, అక్కడ బిగుతు' అన్న మాటలే వినే మనిషి ఆమె. ఎవరూ కొలత చెప్పని పని ఆమెకి బేస్ వాయించడం ఒక్కటే.

మర్నాడు మళ్ళీ మ్యూజిక్ షాపుకి వెళ్ళింది. షాపాయన బల్లమీద పెడళ్ళు వరసగా పెట్టాడు. కాలి దగ్గర పెట్టుకునే చిన్న ఇనప డబ్బాలవి. బొత్తాం ఒకసారి తొక్కితే గిటార్ శబ్దం మారుతుంది, మళ్ళీ తొక్కితే మామూలుకొస్తుంది. ఒకటి తొక్కితే నీళ్ళలోంచి మాట్లాడినట్టుంది. ఇంకొకటి అన్న మాటే పదిసార్లు అంది. ఆమెకి కావలసింది శబ్దాన్ని గరుకుగా, దిట్టంగా చేసేది. అలాంటివీ ఉన్నాయి గానీ, చాలావాటిలో గరుకుదనం రాగానే అడుగు ఊడిపోతోంది, లైనింగు పీకేసిన కోటులాగా. చివరికి ఒకటి దొరికింది. దానిమీద అసలు శబ్దాన్నీ గరుకు శబ్దాన్నీ పాళ్ళు చూసి కలుపుకునే మర ఒకటుంది. ఉప్పూ కారం సరిచూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఇవ్వండి" అంది.

"పెడల్ వాడటం అలవాటుందా అమ్మా?"

"భలేవారే! పెళ్ళికి ముందునుంచీ తొక్కుతున్నా."

ఆ సాయంత్రమే ప్రాక్టీసు. మొదటి హుషారు పాటలో బేస్ ఒక్కసారిగా గదంతా నిండింది. వెంటనే సన్నబడింది. మళ్ళీ నిండింది. మళ్ళీ సన్నబడింది.

"ఎవరయ్యా తలుపు తీసి మూస్తున్నది?" అన్నాడు తాళంచెవి.

వైరు మార్చారు. ప్లగ్గు మార్చారు. ఆమె పెడల్‌ని తీసుకెళ్ళి షాపాయన ముందు పెట్టింది. ఆయన తొక్కి చూస్తే బంగారంలా పనిచేసింది. తెచ్చి వాయిస్తే మళ్ళీ అదే తంతు. ఈసారి మరిది డ్రమ్ముల మీంచి వంగి కిందికి చూశాడు. చూసి, చేతిలో పుల్లలు కింద పడేశాడు.

"వదినా! పెడల్‌కేం రోగం లేదు. నీ కాలు ప్యాంటు కుడుతోంది!"

అందరూ చూశారు. టైలరమ్మ కుడికాలు ఆ డబ్బా మీద మడమా వేళ్ళూ, మడమా వేళ్ళూ అంటూ తన పని తను చేసుకుపోతోంది. పాట ఆగినా అది ఇంకా ఆగలేదు. తాళంచెవి నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని పెట్టుకుని, "శనివారం మాత్రం కుట్టుపని వద్దమ్మా," అన్నాడు. ఆయన ఎడంచెయ్యి కీబోర్డు మీద బేస్ స్వరాలుండే చివరికి జరిగి అక్కడే ఉండిపోయింది.

కుడికాలిని స్టూలు వెనక్కి మడిచి వాయించింది. తాళం తప్పింది. ఎడమకాలు పెడల్ దగ్గర పెట్టి చూసింది. కాసేపటికి అదీ కుట్టు మొదలెట్టింది.

"కాలు ఆపుకోలేకపోతున్నానత్తయ్యా," అంది ఇంటికెళ్ళి.

అత్తగారు కత్తిరించిన ముక్కలు మడతపెడుతోంది. తల ఎత్తలేదు. "ఎందుకాపడం? ఇంతమందిమి తిన్నది ఆ కాలు ఆడబట్టేగా."

అది ఓదార్పో దెప్పో టైలరమ్మకి తెలియలేదు. పొద్దున్నే మోటారు మిషన్ దగ్గర కర్టెన్ల అంచులు కుట్టడానికి కూర్చుంది. గుడ్డ బరువుగా ఉంది, రెండు చేతులూ దానికే సరిపోయాయి. మూల తిరిగేచోట సూది ఆగింది. ఆమె మోకాలు పక్కకి కదిలింది. సూది దగ్గర గుడ్డని అదిమిపట్టే ఇనప పాదం పైకి లేచింది. గుడ్డ తిప్పింది. మోకాలు వెనక్కొచ్చింది, పాదం దిగింది. చేతులకి తీరికుండదనే, ఆ మిషన్‌కి బల్ల కింద మోకాలి దగ్గర ఒక మీట పెట్టారు. రోజుకి వందసార్లు నెట్టే మీట అది. ఆమె గుడ్డ పక్కన పడేసి, ఉత్తినే మోకాలితో నెట్టింది. మళ్ళీ నెట్టింది.

"గుడ్డ లేకుండా ఏం కుడుతున్నావే?" అంది అత్తగారు.

"బ్యాండులో నా స్టూలు ఊడకుండా కుట్టుకుంటున్నానత్తయ్యా!"

పాడైపోయిన మిషన్ తాలూకు మీట పాత సామాన్ల పెట్టెలో దొరికింది. దాన్ని ఓ ఇనప స్టాండుకి బోల్టులతో బిగించి, దాని వెనక పెడల్‌ని మోకాలెత్తున పక్కవాటుగా కట్టింది. మీట నెడితే బొత్తాం పడాలి. మొదటిసారి బొత్తాం పడలేదు, పెడల్ పడింది. రెండోసారి బొత్తాం పడింది గానీ ఇనుము టకటకా కొట్టుకుంది. మీటకీ డబ్బాకీ మధ్య మందపాటి ఉన్నిగుడ్డ ముక్క పెడితే నోరు మూసుకుంది. పనంతా అయ్యేదాకా స్టాండు పట్టుకుని నిలబడ్డ అత్తగారు, "బోల్టు ఇంకో చుట్టు తిప్పు" అని మాత్రం మూడుసార్లు అంది.

"ఇదేంటి వదినా, పెడల్‌ని ఉరేశావు?" అన్నాడు మరిది.

"తొక్కితే తప్పన్నారుగా!"

తాళంచెవి చుట్టూ తిరిగి చూశాడు. "సరే, తెండి. నా చెయ్యి మాత్రం పక్కనే ఉంటుంది," అన్నాడు.

శనివారం ఆ చెయ్యి నిజంగానే పక్కన ఉంది. హుషారు పాట మొదలవగానే, అడగకుండానే కీబోర్డు మీదికి దిగింది. ఆయన బేసూ ఆమె బేసూ ఇరుకు సందులో ఎదురుపడ్డ రెండు లారీల్లా ఒకదాన్నొకటి అడ్డుకున్నాయి. ముందువరస వాళ్ళు మొహాలు చూసుకున్నారు. టైలరమ్మ తీగల మీద చెయ్యి తియ్యలేదు. కుడికాలు ఖాళీ నేలమీద ఇష్టమొచ్చినట్టు తొక్కుకుంటోంది. చరణం మలుపు దగ్గర మోకాలితో ఒక్క నెట్టు నెట్టింది.

హాలు చివర గోడదాకా నిండింది. నిండి, అలాగే నిలబడింది. మరిది డ్రమ్ముల వెనకనుంచి కేక వేశాడు. తాళంచెవి తన చేతికేసీ, ఆమె మోకాలికేసీ చూసి, వేళ్ళు మెల్లగా ఎత్తేశాడు. ఎత్తిన చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తోచలేదు. తర్వాత ప్యాంటు ఎడం జేబులో పెట్టుకున్నాడు. మిగతా ఫంక్షనంతా, తన వాయిద్యానికి అవసరమైనప్పుడు తప్ప అది జేబులోనే ఉంది.

సోమవారం షాపు తెరవగానే ఆయన వచ్చాడు. చంకలో కాగితంలో చుట్టిన ప్యాంటు.

"ఎడం జేబు అడుగు ఊడిందమ్మా. ఓసారి చూడండి."

టైలరమ్మ జేబు బయటికి లాగి, చిరుగు చూసి, మిషన్ మీద పెట్టింది. కుడికాలు అప్పటికే తొక్కడానికి సిద్ధంగా ఉంది.

"కాస్త లోతుగా కుట్టమంటారా?"

"కుట్టండి," అన్నాడు తాళంచెవి, తాళాలు తిప్పుకుంటూ. "ఇకనుంచి వాడకం ఎక్కువుంటుంది."