బుల్లెబ్బాయి గారి మొదటి విస్తరి

పోయిన నెల మా పక్కింటివాళ్ళ అమ్మాయి నిశ్చితార్థానికి రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గరున్న ఒక ఫంక్షన్ హాలుకి వెళ్ళాను. భోజనాల గదిలో అడుగు పెట్టగానే కాగిన నెయ్యి వాసన నన్ను నిలబెట్టేసింది. నెత్తిన టోపీలు, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న కేటరింగు వాళ్ళు వేడి బూరెలు వడ్డిస్తూ, వాటి నడుమ వేలితో గుంట చేసుకోమని చెప్పి నెయ్యి పోసుకుంటూ వెళుతున్నారు. నా విస్తరిలోనూ పోశారు. నేను మాత్రం చెయ్యి కదపకుండా వంటశాల తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. పక్క కుర్చీలో ఉన్నావిడ జాలిగా వంగి, "ఏంటండీ తినడం లేదు, షుగరా?" అంది. "కాదండి, వంటాయన తిన్నాడో లేదో అని చూస్తున్నాను" అన్నాను. ఆవిడ తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకుంది. ఆవిణ్ణి తప్పు పట్టలేను. బుల్లెబ్బాయి గారిని ఎరగనివాళ్ళకు నేను అప్పుడప్పుడూ ఇలా కాస్త తేడాగానే కనిపిస్తాను.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు రాజమండ్రిలోనే ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని చేసేదాన్ని. ఎక్కువగా పెళ్ళి శుభలేఖలు అచ్చయ్యేవి. అవి కాక మా యజమాని కామేశ్వరరావు గారు సొంతంగా ఒక వారపత్రిక నడిపేవారు. అది మా రెండు జిల్లాలు దాటి వెళ్ళేది కాదు గానీ, ఇక్కడ మాత్రం క్షవరం చేయించుకోవడానికి కూర్చున్నవాళ్ళ దగ్గర్నుంచి రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్ళ దాకా అందరూ చదివేవారు. అచ్చయిన శుభలేఖల తడి ఆరడానికి తాడు మీద వరసగా వేలాడదీసేవాళ్ళం. ఆ తాడు కోసమే బుల్లెబ్బాయి గారు వచ్చేవారు. పేరు వింటే చిన్నపిల్లవాడు గుర్తొస్తాడు గానీ, ఆయన మా ప్రెస్సు గుమ్మంలోంచి లోపలికి రావాలంటే కాస్త పక్కకు తిరగాల్సి వచ్చేది. యాభై అయిదేళ్ళ మనిషి, పెళ్ళిళ్ళ వంటల్లో చేయి తిరిగినవాడు.

"నా విజిటింగు కార్డులయ్యాయేమో కనుక్కుందామనండి" అనేవారు, కళ్ళు తాడు మీదే పెట్టి.

"పోయిన వారమే తీసుకెళ్ళారు కదండీ, రెండు వందలు."

"ఆయ్, అయిపోయాయండి."

"అప్పుడేనా?"

"చుట్టాలెక్కువండి మాకు."

ఆ రెండు మాటల్లోనే ఆడపెళ్ళివారి పేరు, ఊరు, ముహూర్తం ఆయన బుర్రలోకి ఎక్కిపోయేవి. సాయంత్రానికల్లా ఒక డబ్బా నిండా బూరెలతో, వంట బేరం కుదుర్చుకోవడానికి ఆ ఇంటి అరుగు మీద ఉండేవారు. నేను పట్టేశానని తెలిశాక దాచుకోవడం మానేశారు. "మీ నవల్లో రాజుగారికి ఊరూరా వేగులవాళ్ళుంటారు కదండీ. నాకెవరున్నారు, ఈ తాడు తప్ప" అని నవ్వేవారు. కామేశ్వరరావు గారికి తెలిస్తే నా ఉద్యోగం ఊడేది. అయినా ఆ మనిషిని వెళ్ళిపొమ్మనడానికి నాకు ఏనాడూ నోరు రాలేదు.

నవల అంటే నేను ఆ వారపత్రికలో రాస్తున్న సీరియల్. రాజమహేంద్రి కోటలో నేను కల్పించిన ఒక రాజు, ఆయన పేరు ఉదయవర్మ, ఆయన సింహాసనం మీద కన్నేసిన సొంత మేనమామ సోమన ప్రెగ్గడ. పన్నెండు వారాల పాటు గుసగుసలు, దొంగ ముద్రల లేఖలు, చీకటి సొరంగాలు నడిపించాను. పదమూడో వారం విందులో రాజు మీద విషప్రయోగం జరిగింది, రాజు మంచం పట్టాడు. నేరం వంటవాడు కొమ్మన మీద పెట్టాను. ప్రెగ్గడ బంగారం ఎర చూపాడు, వంటవాడు విషం కలిపాడు, అంతే. అలా రాయడానికి నాకు అరగంట కూడా పట్టలేదు. రెండు వారాల్లో కొమ్మనకు శిరశ్ఛేదం అని ప్రకటన కూడా వేశాం. పాఠకుల ఉత్తరాలు సంచుల్లో వచ్చిపడ్డాయి, వంటవాణ్ణి వదలొద్దని.

ఆ వారం బుల్లెబ్బాయి గారు వచ్చి తాడు వైపు చూడలేదు. పత్రికను నా బల్ల మీద పరిచారు.

"ఈ కొమ్మన ఎంతమందికి వండాడండి ఆ రోజు?"

"రాజుగారి విందు కదా, అయిదారు వందల మందికి."

"అయిదారొందల మందికి ఒకటే గుండిగలో పప్పు, ఒకటే గంగాళంలో పులుసు. విషం కలిపితే అందరూ పోవాలి కదండీ. ఒక్క రాజుగారే ఎలా పడిపోయారు?"

కథ కదా అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. పత్రికను జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, "ఆదివారం నరసాపురం అవతల పెళ్ళుందండి. ఒకసారొచ్చి వంటశాల చూద్దురుగాని. రాజుల సంగతి నాకు తెలీదు గానండి, గాడిపొయ్యి సంగతి చెప్పగలను" అన్నారు. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. రాసేవాళ్ళకు తప్పు చూపిస్తే వచ్చే ఉక్రోషం అది, నాకు ఇప్పటికీ వస్తుంది. అయినా వెళ్ళాను.

తెల్లవారేసరికి నరసాపురం రేవులో గుండిగలు, గంగాళాలు పంటు ఎక్కించి, వాటి మధ్య మేమూ నిలబడి గోదావరి దాటాం. పెళ్ళివారి పెరట్లో బుల్లెబ్బాయి గారు వేరే మనిషైపోయారు. గొంతు పెంచకుండా పాతికమందిని నడిపించారు. ఎవరి చేతిలో ఏ గరిటె ఉందో, ఎవరు ఏ గిన్నె దగ్గర ఎంతసేపు నిలబడ్డారో ఆయనకు చూడకుండానే తెలుసు. నా సొరంగాలు, దొంగ ముద్రలు ఆ పెరట్లో ఒక్క పూట కూడా నడవవని అరగంటలో అర్థమైంది. దేవుడికి నైవేద్యం అయింది. బంతికి విస్తళ్ళు వేశారు. అప్పుడు జరిగింది నేను ఏ పెళ్ళిలోనూ చూడనిది. ఆడపెళ్ళివారి పెద్ద, మగపెళ్ళివారి పెద్ద ఎదురుగా నిలబడగా బుల్లెబ్బాయి గారు ఒక విస్తరి వేయించుకుని కూర్చున్నారు. పప్పు నుంచి పెరుగు దాకా ప్రతిదీ కొంచెం కొంచెం వడ్డించుకుని అందరి ముందూ తిన్నారు. లేచి చేయి కడుక్కుని, "ఇక కూర్చోండి" అన్నారు. బంధువుల ముందు వంటవాడు తినడమేంటని ఎవరో ముసలాయన గొణిగాడు. పెళ్ళివారి కుర్రాడొకడు నవ్వుతూ, "కొమ్మనలాగా చెయ్యరులెండి ఈయన" అన్నాడు. చుట్టూ నలుగురు నవ్వారు. బుల్లెబ్బాయి గారూ నవ్వారు గానీ, ఆ నవ్వు కళ్ళ దాకా వెళ్ళలేదు.

బూరెల మూకుడు దగ్గర కూర్చునే నాగమ్మ గారు ఆయనతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. నన్ను చూడకుండా మూకుడులోకే చూస్తూ చెప్పింది.

"సామర్లకోట దగ్గర పెళ్ళిలోనమ్మా, ఆరేళ్ళయింది. తిన్నోళ్ళు నలభై మంది వాంతులు చేసుకున్నారు. మా వంటలో ఏం లేదు. పెళ్ళికూతురి మేనమామ ఇంటి నుంచి అభిమానం కొద్దీ బిందెడు మజ్జిగ తెచ్చి ఆఖర్లో పోయించాడు. కళాయి పోయిన ఇత్తడి బిందె. రాత్రంతా పులిసి ఇత్తడి కిలుం మజ్జిగలోకి దిగిపోయింది. ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. చుట్టం కదా, ఎవరూ ఆయన్నేం అనలేదు. ఈయన్నన్నారు. రెండేళ్ళు ఒక్కరు పిలవలేదమ్మా మమ్మల్ని. అప్పట్నుంచే ఈ మొదటి విస్తరి."

"మేనమామ గురించి ఆయన ఎవరికీ చెప్పలేదా?"

"పెళ్ళికూతురు ఏడుస్తుందని చెప్పలేదు. ఇప్పుడిప్పుడే జనం మర్చిపోతున్నారు. మీరు పత్రికలో వంటోడు విషం పెట్టాడని రాసేరు. పోయిన వారం ఒక పెళ్ళివారు వంటకని ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకున్నారు."

నాకు సిగ్గేసింది. అరగంటలో రాసి పారేసిన మనిషి తల, నా ఎదురుగా చెమట తుడుచుకుంటున్న మనిషి మెడ మీద ఉందని అప్పుడు తెలిసింది. తిరుగు పంటులో ఆయన పక్కన ఖాళీ గంగాళం మీద కూర్చుని, కథ మారుస్తానన్నాను. కొమ్మన కాకపోతే మరి విషం ఎవరు, ఎలా పెట్టగలరో చెప్పమన్నాను.

"అలాంటివి నన్నడక్కండి" అన్నారు. ఆయన గొంతులో కటువు వినడం అదొక్కసారే. పంటు సగం గోదావరి దాటింది. తర్వాత నీళ్ళవైపు చూస్తూ అన్నారు. "వంటవాడు బంతిలో అందరికీ ఒకేలా వడ్డిస్తాడండి. ఒక్కడి దగ్గరే ఆగి, నా మీద ఒట్టు, ఇంకొక్కటి వేసుకోవాలని కొసరి పెట్టేవాడు వంటవాడు కాదండి, చుట్టం. మీ రాజుగారి విస్తరి దగ్గర ఎవరాగారో చూసుకోండి."

మర్నాడు కామేశ్వరరావు గారి ముందు నిలబడ్డాను. శిరశ్ఛేదం ప్రకటన వేశామనీ, పాఠకులు వంటవాడి తల కోసం కాచుకుని కూర్చున్నారనీ, ఇప్పుడు కథ మారిస్తే పత్రిక పరువు పోతుందనీ ఆయన గోల పెట్టారు. వంటవాణ్ణి చంపితే ఇక సీరియల్ రాయనన్నాను. నా ఉద్యోగానికి కూడా అదే మాట వర్తిస్తుందా అని అడిగారు. వర్తిస్తుందనే అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రాసి చూపించు, బాగుంటే వేస్తాను" అన్నారు. మూడు రోజులు కూర్చుని రాశాను.

కొత్త ప్రకరణంలో కొమ్మనను కత్తి ముందు నిలబెట్టాను. ఆఖరి కోరిక ఏమిటని అడిగితే, ఆనాటి విందునే అదే వరసలో మళ్ళీ వడ్డించమన్నాడు. సభంతా చూస్తుండగా ఒక్కొక్కటే తిన్నాడు, ఏమీ కాలేదు. బూరె దాకా వచ్చి ఆగాడు. "ఆ రోజు ప్రభువుల బూరెలో నెయ్యి నేను పోయలేదు. మేనమామ గారు ప్రేమతో సొంత గిన్నెలోది తమ చేత్తో పోశారు. ఆ గిన్నెలో నెయ్యి పోసిన బూరె ఇప్పుడు వారు తినాలి" అన్నాడు. సోమన ప్రెగ్గడ చెయ్యి బూరె దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కామేశ్వరరావు గారు ప్రూఫు రెండుసార్లు చదివారు. తర్వాత, ఆ వారం మరో అయిదు వందల ప్రతులు వేయమని కంపోజిటరుకు చెప్పారు.

పత్రిక వచ్చాక బుల్లెబ్బాయి గారు నాతో ఆ ఊసే ఎత్తలేదు. కార్డులయ్యాయా అని మాత్రం అడిగారు. నెల తర్వాత పిఠాపురం వైపు ఒక పెళ్ళికి నన్నూ రమ్మన్నారు. నైవేద్యం అయింది, పెద్దలు నిలబడ్డారు, ఆయన మొదటి విస్తరి ముందు కూర్చున్నారు. అప్పుడు పెళ్ళివారిలోంచి తెల్ల పంచె కట్టుకున్న ఒక ముసలాయన కర్ర ఊతంతో వచ్చి, పిలవకుండానే ఆయన పక్కన కూర్చున్నాడు. నాగమ్మ గారి చేతిలో బూరెలు తీసే చట్రం ఆగిపోయింది. ఎవరో నాకు చెప్పనక్కర్లేకపోయింది.

"నాకూ ఒక ఆకు వెయ్యండి" అన్నాడు ముసలాయన. తర్వాత తల దించుకునే, అందరికీ వినిపించేలా, "సామర్లకోట పెళ్ళిలో ఆ మజ్జిగ బిందె మాదేనండి. కళాయి లేదని తెల్సీ తెచ్చాను. ఈయన వంటలో ఏ దోషమూ లేదు. ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. పత్రికలో ఆ ప్రెగ్గడ సంగతి చదివాక నిద్ర పట్టలేదు" అన్నాడు.

బుల్లెబ్బాయి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. ఆయన ముసలాయన విస్తరిలో బూరె పెట్టి, నడుమ గుంట చేసి, తన చేత్తో నెయ్యి పోశారు.

"ముందు తినండి మావయ్యగారు. చల్లారిపోతే బాగోదు."

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ పిలుపులకు లోటు లేదు, తాడు అవసరం కూడా పడలేదు. మొదటి విస్తరి మాత్రం మానలేదు. ఇంకా ఎందుకండీ అంటే, "అప్పుడు భయమేసి తినేవాణ్ణండి. ఇప్పుడు ఆకలేసి తింటున్నాను" అన్నారు. నేను తర్వాత ఏడు చారిత్రక నవలలు రాశాను. ప్రతి కోటలోనూ కుట్రలు పెట్టాను. కానీ ఎవరి మీదైనా నేరం సులువుగా అతుక్కుందంటే, అక్కడ కలం ఆపి, ఈ మనిషి పెరట్లో ఒకసారి కూర్చున్నానా అని నన్ను నేను అడుగుతాను. ఆయన నాకిచ్చింది ఆ ఒక్క ప్రశ్నే. దానితోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

పోయిన నెల ఆ ఫంక్షన్ హాల్లో విస్తరి ముందు నుంచి లేచి వంటశాలలోకి వెళ్ళాను. టోపీ పెట్టుకున్న పెద్ద వంటాయన కంగారుగా ఎదురొచ్చాడు, ఏదో ఫిర్యాదు అనుకున్నాడు.

"మీరు తిన్నారా అండీ?"

"మమ్మల్ని ఎవరూ అడగరండి" అన్నాడు నమ్మలేనట్టు చూస్తూ.

ఒక పళ్ళెంలో బూరె పెట్టి చేతికిచ్చాను. ఆయన మొహమాటంగా గుంట చేశాడు. పక్కనున్న గిన్నె తీసుకుని నిండా నెయ్యి పోశాను. తినడానికి సందేహిస్తుంటే చెప్పాను.

"భయపడకండి, నేను మీ చుట్టాన్ని కాదు."