అత్తతో ఒకే పేజీలో

గొంతు ఆపరేషన్ తర్వాత మా మేనత్తకి మాట పోయింది. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా రిటైరైన మనిషి. పాయకరావుపేటలో చర్చికి వచ్చే పిల్లలకి ఏళ్ళ తరబడి ఆదివారాలు కథలు చెప్పింది. అలాంటావిడ చేతికి ఇంట్లోవాళ్ళు పలక ఇచ్చారు. ఆవిడ సగం రాసేలోపే ఎదుటివాళ్ళు మిగతాది ఊహించేసుకుని, తలూపి వెళ్ళిపోయేవారు. నెల తిరక్కుండా పలక బీరువా మీదికెక్కింది.

నేనప్పుడు అనకాపల్లిలో, బెల్లం మార్కెట్‌కి వెళ్ళే దారిలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. రెండు వేల ఎనిమిది ప్రాంతం. శుభలేఖలు, కరపత్రాలు టైపు చేయడం నా పని. షాపులో నెట్ పెట్టించింది ప్రూఫులు మెయిల్లో పంపడానికి. ఖాళీ దొరికితే బ్రౌజర్లో ఇంకేం చేయొచ్చో వెతికేదాన్ని. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి స్పేస్ నొక్కితే తెలుగులోకి మారే సైటు ఒకటి దొరికింది. కొన్నాళ్ళకి, వేర్వేరు ఊళ్ళలో కూర్చున్న ఇద్దరు ఒకే పేజీలో రాసుకోగలిగే సైటు కనబడింది. వెంటనే అత్త గుర్తొచ్చింది. ఇది ఆవిడకి పనికొచ్చి తీరుతుందని నాకు గట్టి నమ్మకం.

మా ఓనరు ముస్లిం పెద్దాయన. సీసం అక్షరాలు పేర్చే రోజుల నుంచి ప్రెస్సులో ఉన్నవాడు. అత్త సంగతి చెప్పి, ఆ సైటు చూపించాను.

“కరెంటు పోతే రాసిందంతా ఏటైపోద్దమ్మా?” అన్నాడు.

“అది మన మిషన్లో ఉండదు భాయ్. సైటులో ఉంటాది. ఏ ఊర్నుంచి తెరిసినా వత్తాది.”

“ఐతే శనివారం మద్దేనం పనుండదు గదా. రాసుకో.”

మరుసటి ఆదివారం బస్సెక్కి వెళ్ళి, అత్తని వాళ్ళ వీధి చివర నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి కొత్త కాదు, కీబోర్డే కొత్త. ‘వచ్చేను’ అని రాయబోతే సైటు ‘వచ్చాను’ అని చూపించింది. అత్త ముఖం చిట్లించింది. చెరిపి, అక్షరాలు మార్చి మార్చి కొట్టి, చివరికి ‘వచ్చేను’ తెప్పించి నా వైపు చూసింది.

తర్వాతి శనివారం, అనుకున్న వేళకి, మా ఇద్దరి పేజీ తెరిచి కూర్చున్నాను. కాసేపటికి తెల్లటి తెర మీద ఒక్కొక్క మాటే పడింది.

“ఉన్నావేటే?”

ఆపరేషన్ తర్వాత అత్త నన్ను పలకరించడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని, “ఉన్నానత్తా, సెప్పు” అని కొట్టాను.

క్రిస్మస్‌కి పిల్లల చేత నాటకం వేయించాలని ఆవిడ కోరిక. బేత్లెహేములో మరియమ్మకి చోటు లేదన్న సత్రం యజమానికి ఒక భార్యని కల్పించింది. భర్తతో ఆవిడ మాటల్ని నేను పుస్తకాల తెలుగులోకి దిద్దబోయాను. నేను చూస్తుండగానే నా వాక్యం చెరిగిపోయింది.

“నేను మాటాడతంటే మద్దిలో దూరకు. ఆ ఆడమనిషి అలాగనదు.” ఆ కింద ఇలా రాసింది: “నిండు చూలాలు గుమ్మంలో నిలబడితే గది లేదంటావేటి? మనం పడుకునే గది లేదా?”

దానికి నేను దిద్దాల్సిందేమీ లేదు.

ఒక శనివారం అత్త రాస్తూ రాస్తూ మాట మధ్యలో ఆగిపోయింది. అక్కడ కరెంటు పోయిందని అర్థమైంది. “పోయిందా మరి?” అన్నాడు ఓనరు. పేజీ మూసి మళ్ళీ తెరిచి చూపించాను. సగం మాటతో సహా అంతా ఉంది. ఆయన కుర్చీ లాక్కుని మొదటి నుంచీ చదివాడు.

“తరవాత ఆ సత్రం ఆవిడ ఏటందమ్మా?”

“అత్త రాత్తే తెలుత్తాది భాయ్.”

సాయంత్రం అక్కడ కరెంటు వచ్చి అత్త ఆ మాట పూర్తిచేసేదాకా ఆయన షాపు కట్టెయ్యలేదు.

డిసెంబర్లో కాపీలు నేనే ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. అత్త ముందు వరసలో నిలబడి చేతులతోనే పిల్లల్ని నడిపించింది. సత్రం ఆవిడ వేషం వేసిన పిల్ల “మనం పడుకునే గది లేదా?” అని నడుం మీద చెయ్యేసి అడిగేసరికి చర్చి అంతా నవ్వి, ఆ వెంటనే ముందుకి వంగి వింది. అత్త మాత్రం, తనకి ముందే తెలుసన్నట్టు, తర్వాతి పిల్లకి సైగ చేసింది.

ఈస్టర్‌కి ఇంకో నాటకం రాసింది. అప్పటికి కంప్యూటర్ ఇంట్లోనే పెట్టించుకుంది. నేను సొంతంగా కథలు రాయడం మొదలుపెట్టిందీ ఆ ఏడే. మొదటి కథ పేజీని అత్తకే తెరిచి ఇచ్చాను. మొదటి రెండు పేరాలు తీసేసి, మూడో దాన్నుంచి మొదలుపెట్టమని రాసింది. అలాగే మొదలుపెట్టాను.