నల్ల కోటు మనిషి

అన్నయ్య కళ్ళు పోయిన ఏడాది మా ఇల్లు ఒక దుర్మార్గుడి బొమ్మల మీద నడిచింది. ఆ బొమ్మలు గీసింది నేను.

అప్పటికి మేం ఛత్తీస్‌గఢ్ రాయపూర్‌లో తెలీబంధా చెరువు వెనక వీధిలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ, అన్నయ్య, నేను. నాన్న రైల్వేలో పనిచేస్తూనే పోయారు. క్వార్టర్ ఖాళీ చేశాక ఇక్కడికి మారాం. మా తాతలది శ్రీకాకుళం వైపు. ఇంట్లో ఆ వైపు మాటే, సగం హిందీ కలిపి. అన్నయ్య ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో ఇనుము కాచే భట్టీ దగ్గర పనిచేసేవాడు. నేను ఇంట్లోనే కూర్చుని, బెంగళూరు కంపెనీ ఒకదానికి కామిక్ గీసేదాన్ని. ఫోన్‌లో పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివే రంగుల కామిక్. కొరియా వాళ్ళ కామిక్స్ మన దేశంలో పిల్లలు విరగబడి చదువుతున్నారని, ఆ తరహాలోనే హిందీలో ఒకటి మొదలుపెట్టారు. వంపు తిరిగిన పెంకుల కప్పులు, పొడవాటి చేతుల పట్టుబట్టలు, కొండల మీద మంచు. నేను జన్మలో మంచు చూడలేదు. సిల్తారా వైపు డాబాల మీద పేరుకునే నల్లటి దుమ్మునే తెల్ల రంగుతో గీసేదాన్ని.

కథ ఇది. కొండల్లో ద్వారాలు తెరుచుకుని రాక్షసులు బయటికి వస్తుంటారు. వేటగాళ్ళు గుంపులుగా లోపలికి వెళ్ళి వాళ్ళని చంపుతారు. ఒక గుంపు భయపడి, తమలో ఒకడు లోపల ఉండగానే ద్వారం మూసేసి పారిపోతుంది. వాడు చావడు. ఏళ్ళ తర్వాత రాక్షసులతో ఒప్పందం చేసుకుని తిరిగొస్తాడు. తనని వదిలేసిన వాళ్ళు ఏ ఊళ్ళో హాయిగా బతుకుతున్నారో ఆ ఊళ్ళో ద్వారం తెరుస్తాడు. వాడే హీరో. వాడికి పేరు పెట్టలేదు. స్క్రిప్టులో నల్ల కోటు అని రాసుకునేవాళ్ళం, చదివేవాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు.

అన్నయ్య క్యాంటీన్‌లో అన్నం తింటూ అది చదివేవాడు. ఇంటికొచ్చి, "నీ హీరో బేకార్‌గాడే. అంత దెబ్బ తగిలినోడు అంత అందంగా ఎలగుంటాడు?" అని నవ్వేవాడు.

వానాకాలంలో ఒక ఉదయం భట్టీ నోటి దగ్గర ఏదో పేలింది. ఫ్యాక్టరీ వాళ్ళు ఫోన్ చేసేసరికే అన్నయ్యని ఆస్పత్రికి తెచ్చేశారు. ముఖం మీద చర్మం మెల్లగా మానుతుందనీ, చూపు మాత్రం రాదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట హిందీలో చెప్పాడు. అమ్మకి హిందీ బాగానే వచ్చు. అయినా నా చెయ్యి పట్టుకుని, "ఏటంతన్నాడమ్మా?" అని అడిగింది. ఆ మాట నేను మళ్ళీ తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

ఇంటికి తీసుకొచ్చాక అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాట లేదు. అమ్మ ముద్ద నోటిదాకా తెస్తే పళ్ళు బిగించేవాడు. ఒకసారి కంచాన్ని చేత్తో కొట్టాడు. అది గోడకి తగిలి, పప్పు అమ్మ చీర మీద పడింది. అమ్మ నేల తుడిచింది. ఆ తర్వాత వంటగదిలో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

ఆ రోజుల్లోనే కామిక్ కథ రాసే అబ్బాయి మానేశాడు. కథ కూడా నువ్వే రాయమని కంపెనీ చెప్పింది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఇంట్లో ఇంకో దారి లేదు. మాటలు రాశాక పైకి చదివి చూసుకోవడం నాకు అలవాటు. ఒక మధ్యాహ్నం, నల్ల కోటు తన పాత స్నేహితుడిని మొదటిసారి ఎదుర్కొనే చోటు చదువుతున్నాను. "నువ్వు నన్ను మోసం చేశావు! దీనికి మూల్యం చెల్లిస్తావు!" అని.

మంచం మీద నుంచి గొంతు వినిపించింది.

"ఆడలగ అనడు."

వారాల తర్వాత అన్నయ్య మాట్లాడిన మొదటి మాట అది.

"మరేమంటాడన్నయ్యా?"

"అరవడు. మెల్లగా అడుగుతాడు. 'నేను పిలిసినప్పుడు ఇన్నావా?' అంతే. బస్."

అలాగే రాశాను. ఆ సాయంత్రం అమ్మ పెట్టిన నాలుగు ముద్దలు తిన్నాడు.

అప్పట్నుంచి నేను బొమ్మ గీస్తూ, ఏం గీస్తున్నానో చెప్పేదాన్ని. అన్నయ్య మాటలు చెప్పేవాడు. ద్వారం లోపల ఎలా ఉంటుందని అడిగాను. నేను అంతవరకూ నల్లగా గీస్తూ వచ్చాను.

"నలుపు కాదే. తెలుపు. అంతా తెల్లగా అయిపోద్ది. కళ్ళు మూసినా తెలుపే. సప్పుడుండదు. తర్వాత నీ గొంతే నీకు ఇనపడతాది, ఎవడో అరుస్తున్నట్టు. అది నువ్వే అని తెలీదు."

పేలుడు గురించి తను ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. పోలీసులు వస్తే గోడవైపు తిరిగాడు. ఫ్యాక్టరీ వాళ్ళు వస్తే దుప్పటి కప్పుకున్నాడు. ఇప్పుడు నల్ల కోటు పేరు మీద నాకు చెబుతున్నాడు. చెప్పనీ అనుకుని, అడుగుతూ పోయాను.

"అక్కడ వాడితో ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరు. ఆళ్ళు మెట్ల దగ్గరున్నారు. పరిగెత్తిన అడుగులు ఇన్నాడు ఆడు. ఇనుప మెట్లు కదా, బాగా ఇనపడతాది."

నా కథలో మెట్లే లేవు. ఆ రోజే ద్వారం ముందు ఇనుప మెట్లు గీశాను.

చదివేవాళ్ళు పెరిగారు. నల్ల కోటు భయం పుట్టిస్తున్నాడనీ, నిజమైన మనిషిలా ఉన్నాడనీ కామిక్ కింద రాసేవాళ్ళు. వాటిని అన్నయ్యకి చదివి వినిపించేదాన్ని. అమ్మకి ఇదంతా నచ్చలేదు. వంటగది గుమ్మంలో నిలబడి నన్ను మెల్లగా పిలిచి, "ఆడి నోట్లోంచి ఇసం తీసి కాగితం మీద పోస్తన్నావు. అది తగ్గుతాదా, ఇంకా ఊరతాదా? నువ్వే సెప్పు," అంది. ఆ మాటలు చెప్పిన రోజు అన్నం తింటున్నాడు, చెప్పని రోజు తినడం లేదు. నాకు తెలిసింది అంతే.

ఒక ఆదివారం అన్నయ్యతో పనిచేసిన అతను వచ్చాడు. మెట్ల దగ్గరున్న ఆ ఇద్దరిలో ఒకడు. ఛత్తీస్‌గఢ్ మనిషే, పూర్వం మా ఇంట్లో ఎన్నోసార్లు పులిహోర తిన్నాడు. అరటిపళ్ళ సంచి గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులు విప్పి, లోపలికి రాలేక అక్కడే నిలబడ్డాడు. అమ్మే కుర్చీ వేసింది.

అన్నయ్య అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. మంచం మీద లేచి కూర్చున్నాడు. హిందీలో, నేను రాసిన ఆ మాటే, అంతే మెల్లగా అడిగాడు.

"నేను పిలిచినప్పుడు విన్నావా?"

అతను తల దించుకున్నాడు. తల దించుకుంటే అన్నయ్యకి కనబడదని కాసేపటికి అర్థమైనట్టుంది.

"విన్నాను భయ్యా."

"మరి?"

"కాళ్ళు ఆగలేదు."

"ఎల్లిపో," అన్నాడు అన్నయ్య తెలుగులో. అతనికి ఆ మాట తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

తలుపు మూశాక అన్నయ్య నన్ను పిలిచాడు. "రాసుకో," అన్నాడు. ఆ పూట చెప్పిన భాగంలో నల్ల కోటు తన స్నేహితుడిని లోపలికి నెట్టి, ద్వారం మూసి, అవతలి నుంచి అతను కొడుతున్న చప్పుడు వింటూ నిలబడతాడు. అంతా గీశాను. ఒక్క గీత కూడా తగ్గించలేదు.

ఆ భాగం పంపిన తర్వాత కంపెనీలో ఎడిటర్ ఫోన్ చేసింది. మంచిదే ఆవిడ, ఎప్పుడూ మర్యాదగా మాట్లాడేది. ఇంక చాలనీ, నల్ల కోటు మారాలనీ చెప్పింది. తర్వాతి భాగంలో ఒక పాపని కాపాడాలి, కన్నీళ్ళు పెట్టుకోవాలి, పాత స్నేహితుల్ని క్షమించాలి. లేదంటే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం అంది. నేను ఆలోచిస్తానన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉందని మర్చిపోయాను.

"నన్ను కూడా మార్చెయ్యమందా?" అన్నాడు అన్నయ్య.

"అలా కాదన్నయ్యా, కథే కదా..."

"కథేనే. నానూ అదే అంతన్నాను."

మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఈసారి పిలిస్తే ఊఁ అని కూడా అనలేదు. మూడో పూటకి అమ్మ కూడా తినడం మానేసింది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ భాగం గీయబోతే చెయ్యి సాగలేదు. పాప ముఖం వచ్చేది, నల్ల కోటు చెయ్యి ఆ పాప వైపు చాచడం రాలేదు. చాచితే అబద్ధం, చాచకపోతే ఇల్లు గడవదు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం మందులకి వెళ్ళి వచ్చేసరికి వీధి తలుపు తెరిచి ఉంది. అమ్మ కునుకు తీస్తోంది. మంచం ఖాళీ. మెట్ల మీద అన్నయ్య చెప్పులు అలాగే ఉన్నాయి.

నేను చెరువు వైపే పరిగెత్తాను. ఎందుకు అటే అని నన్ను నేను అడగలేదు. రోడ్డు మీద ఆటోలు, బస్సులు. కళ్ళు లేని మనిషి ఈ రోడ్డు ఎలా దాటి ఉంటాడు? దాటలేకపోయి ఉంటే? పానీపూరీ బండివాణ్ణి అడిగాను, పార్కింగ్ మనిషిని అడిగాను. ముఖం కాలిన మనిషిని చూశారా అని అడుగుతుంటే నా గొంతు నాదిలా లేదు.

చెరువు గట్టు మీద, రెయిలింగు దగ్గర, వేరుశెనగలమ్మే ఒక ముసలామె అన్నయ్య చొక్కాని రెండు చేతులతో గుప్పిట పట్టి కూర్చుని ఉంది. అన్నయ్య కాలు ఒకటి రెయిలింగు మీద ఉంది. ఆమె బుట్ట బోర్లాపడి కాయలన్నీ దారి నిండా.

"నోనీ, ఏ తోర్ భాఈ ఏ కా?" అంది నన్ను చూసి. అమ్మాయీ, ఇతను మీ అన్నా అని.

అవునని తలూపి, అన్నయ్యని నడుం దగ్గర పట్టుకున్నాను. తను పెనుగులాడలేదు.

"నీల్లు ఎటున్నాయో తెలీలేదే," అన్నాడు. "ఇటా అటా అని అడిగేను. ఈ ముసల్ది సెప్పనేదు."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాం. చుట్టూ జనం పోగై, కాసేపు చూసి వెళ్ళిపోయారు. ముసలామె కాయలేరుకుంటూ మా పక్కనే ఉంది. నేను అన్నయ్యని తిట్టాను, కొట్టాను, ఆ చేతినే పట్టుకుని ఏడ్చాను. అమ్మ గురించి చెప్పాను. నా గురించి చెప్పాను. ఏదీ తనకి తగిలినట్టు లేదు. చివరికి తనే అడిగాడు.

"ఆడిని మంచోడిని సేసేసేవా?"

"లేదు. చెయ్యలేకపోతున్నాను. ఇప్పుడేం చేస్తాడో నువ్వే చెప్పు."

అన్నయ్య ముఖం చెరువు వైపు కాదు, రోడ్డు వైపు ఉంది.

"ఏటీ సెయ్యడు. సంపడు, కాపాడడు. అలిసిపోనాడే ఆడు. ద్వారం కాడ కూకుంటాడు. ఎవడైనా వచ్చి పక్కన కూకుంటే కూకోనిస్తాడు. అంతే."

ఆ భాగం అలాగే గీశాను. చాలా బొమ్మల్లో ఒక్క మాట కూడా లేదు. మెట్ల మీద నల్ల కోటు కూర్చుని ఉంటాడు, మంచు పడుతూ ఉంటుంది. కంపెనీ దాన్ని తీసుకోలేదు. ఎడిటర్ బాధపడుతూనే చెప్పింది, ఫైళ్ళన్నీ పంపమంది. ఇంకెవరో గీయడం మొదలుపెట్టారు. వాళ్ళ చేతిలో నల్ల కోటు పాపని కాపాడాడు, క్షమించాడు, చివరికి తెల్లబట్టలు కట్టాడు. అన్నయ్య అడిగితే చదివి వినిపించాను. "ఈడెవడో వేరేవోడు," అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు మేం ఎలా గడిపామో తల్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో అన్నయ్యని ఒక్కణ్ణీ వదల్లేదు. అమ్మ వీధి తలుపుకి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది. నాకు స్కూలు పుస్తకాలకి బొమ్మలు గీసే పని దొరికింది. మానసిక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మొదట బలవంతంగా, తర్వాత తనే రోజులు లెక్క పెట్టుకుని వచ్చేవాడు.

ఇప్పుడు అన్నయ్య చేతికర్ర పట్టుకుని సందు చివరిదాకా ఒక్కడే వెళ్తాడు. తెర మీది మాటల్ని పైకి చదివే ఫోన్ ఉంది. పారిపోయిన అతన్ని క్షమించలేదు. క్షమించమని మేమూ అడగలేదు. కొన్ని రోజులు లేచి, గడ్డం గీసుకుని, అమ్మతో పోట్లాడి మరీ రెండోసారి ఛాయ్ పెట్టించుకుంటాడు. కొన్ని రోజులు అసలు లేవడు. అలాంటి రోజు నేను పని పక్కన పెట్టి, మంచం కింద నేల మీద కూర్చుంటాను. కాసేపటికి తన చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా తల మీద పడుతుంది. అది పడేదాకా నాకు భయమే.