మేడమ్ వద్దన్న మొదటి అమ్మకం

గోగుకట్టలు నీళ్ళలో ఊరే కాలంలో చీపురుపల్లి బస్సెక్కితే, ఆ వాసన కిటికీలోంచి ముఖానికి కొడుతుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం శారద మేడమ్ గుర్తుకొస్తారు. ఆమె శ్రీకాకుళంలో కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరయ్యాక, సొంత ఊరి బయట ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, నార తీయగా మిగిలిన గోగు పీచుతో హైడ్రోజెల్ ఎరువు తయారుచేయాలని పట్టుబట్టారు. ఎమ్మెస్సీ అయిన వెంటనే నేను ఆమె దగ్గర పనికి చేరాను.

చూడ్డానికి ఆ ఎరువు గుళికలు పటికబెల్లం పలుకుల్లా ఉండేవి. వాన పడితే నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, లోపలున్న యూరియాను వేళ్ళకు కొంచెం కొంచెంగా వదిలేవి. చిక్కంతా ఖర్చుతోనే. పీచు ఉడికించడానికి పెద్దగా అయ్యేది కాదు. జెల్‌ను స్పిరిట్‌తో కడగడానికీ, కరెంటు ఓవెన్‌లో ఆరబెట్టడానికీ మేడమ్ పింఛనంతా పోయేది.

ఆ ఏడు అదే ఊరి రైతు అప్పలనాయుడుగారి మొక్కజొన్న చేలో ఒక మూల వేసి చూశాం. మధ్యలో వానలు మొహం చాటేసినా ఆ మూల పచ్చగా నిలబడింది. కోతలయ్యాక ఆయన షెడ్డుకు వచ్చి, వచ్చే పంటకు చేనంతటికీ కావాలన్నారు. మాకది మొదటి అమ్మకం. షెడ్డు నిలబడాలన్నా అదే ఆధారం. నేను సంతోషంగా టీ పెట్టడానికి లేచాను.

మేడమ్ నాతో పుస్తకాల భాషలో మాట్లాడేవారు గానీ, రైతులతో ఊరి మాటలోకి దిగిపోయేవారు.

“పని సేస్తాది మావా. నీకు గిట్టదు” అన్నారు.

“ఏటమ్మా, పంట నా కళ్ళతో సూసినాను గదా?”

“పంట సూసినావు. ధర సూడలేదు. పెరిగిన గింజలన్నీ అమ్మినా ఎరువు కరీదు రాదు. ఇప్పుడొద్దు.”

ఆయన బండెక్కి వెళ్ళిపోయారు. ఆయన బండి మలుపు తిరిగేదాకా ఆగి, నేను మేడమ్ మీద విరుచుకుపడ్డాను. ఇలా అయితే షెడ్డు మూసుకోవలసిందేనన్నాను. ఆమె కోప్పడలేదు. ఒక పంటలో నష్టం వస్తే ఆయన మళ్ళీ మన గుమ్మం తొక్కడని, ఆయనను చూసి ఊళ్ళో ఇంకెవరూ రారని అన్నారు. మళ్ళీ తనే, “అదంతా తర్వాత సంగతి. ముందు ఆయన నష్టపోతాడు కదమ్మా” అన్నారు.

ఆ తర్వాత వాడిన స్పిరిట్‌ను మరిగించి, ఆవిరిని చల్లార్చి తిరిగి పట్టుకోవడం నేర్చుకున్నాం. ఓవెన్ మానేసి ప్లాస్టిక్ పందిరి కింద ఎండకు ఆరబెట్టాం. ముసురు పట్టిన రోజుల్లో బూజు పట్టి ఎన్ని పళ్ళేల జెల్ పారబోశామో. ధర దిగింది, అయినా మొక్కజొన్నకు అందలేదు. మిరప నారుమడికి మాత్రం సరిపోయింది. అక్కడ కాస్త వేస్తే చాలు, బిందెలతో నీళ్ళు మోసే పని చాలావరకు తప్పుతుంది. మేడమే అప్పలనాయుడుగారికి కబురు పెట్టారు. ఆయన వచ్చి ధర అడగలేదు.

“ఈపాలి ఏటంతావమ్మా?”

“నారుమడికి అట్టుకెళ్ళు మావా” అన్నారు మేడమ్.

ఆమె ఇప్పుడు లేరు. షెడ్డు నేను నడుపుతున్నాను. మొన్న రామతీర్థం వైపు నుంచి ఒక రైతు వచ్చి వరికి కావాలన్నాడు. ఇంకా గిట్టదని చెప్పాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఉన్న యూరియానే విడతలుగా ఎప్పుడెప్పుడు చల్లుకోవాలో వివరించాను. ఆయన వెళ్ళేసరికి భోజనం వేళ దాటిపోయింది. అమ్మకమేదీ జరగని ఆ పూట, మేడమ్ పక్కనే కూర్చుని పని చేసినట్టు అనిపించింది.