సమాధుల మలుపు దగ్గర కాలిమన్ అక్క

మా కొండల్లో కొచ్కోర్ నుంచి నరిన్ ఊరికి వెళ్ళే రోడ్డులో ఒక మలుపు పక్కనే సమాధులున్నాయి. అక్కడికి రాగానే మావాళ్ళు రెండు అరచేతులూ ఎత్తి, మొహం మీదుగా కిందికి తెచ్చి, పోయిన పెద్దల కోసం ఆమీన్ అంటారు. గుర్రం మీద పోయేవాళ్ళకి ఇబ్బంది లేదు, గుర్రానికి దారి తెలుసు. కారు నడిపేవాళ్ళూ అలాగే చేస్తారు. నా కొడుకు ఎర్మెక్ కూడా వాళ్ళ తాత సమాధి ముందు స్టీరింగు వదిలి చేతులెత్తాడు. ఎదురుగా లారీ వచ్చింది. వాడికి పందొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ అలవాటు నేర్పింది నేనే.

రెండేళ్ళ తర్వాత కూతురు ఐజిరెక్ కారు నేర్చుకుంటానంది. వద్దన్నాను.

"చేరిపోయాను నాన్నా. కాలిమన్ అక్క దగ్గర" అంది.

కాలిమన్ అక్క డోలోన్ కనుమ మీదుగా ఇరవై రెండేళ్ళు పాల లారీ నడిపి, తర్వాత పిల్లలకి కారు నేర్పడం మొదలుపెట్టిన మనిషి. ఎంత పొట్టి అంటే, సీటు మీద దుప్పటి మడిచి వేసుకుంటే గాని రోడ్డు కనిపించేది కాదు. ఆమె మొదటి పాఠంలో కారే ఉండేది కాదు. పిల్లల్ని నడిపించుకుని సమాధుల దగ్గరికి తీసుకెళ్ళి, రాళ్ళ మీద చెక్కిన, పోయినవాళ్ళ మొహాల ముందు నిలబెట్టేది.

"ఈ అబ్బాయి ఫోను చూసుకున్నాడు. ఈయన తాగాడు. ఇతను, పక్కన కూర్చున్నవాళ్ళు ఇంకా తొక్కరా అంటే తొక్కాడు. చెడ్డవాళ్ళు కాదర్రా."

మా ఎర్మెక్ దగ్గర మాత్రం ముందు రాయి మీద దుమ్ము తుడిచిందట. తర్వాత, "ఈ బాబు దండం పెట్టుకున్నాడు. అంతే" అందట.

అందుకే ఆమె కారులో చేతులెత్తడం నిషేధం. బజారులో ఒక ముసలాయన నా ఎదుటే ఆమెని నిలదీశాడు.

"ఏమ్మా, పెద్దల్ని మర్చిపోమని నేర్పుతున్నావట! రేపు నీ సమాధి దగ్గరా ఎవడూ చెయ్యెత్తడు, చూసుకో."

"ఎత్తకపోతేనే నాకు నిద్రపడుతుంది బాబాయ్. పోయినవాళ్ళకి తొందరేముంది? ఎదురొచ్చే లారీకే తొందర."

చివరి పాఠం రోజు నన్నూ వెనక సీట్లో కూర్చోబెట్టింది. "మీ చేతులు మోకాళ్ళ కింద పెట్టుకోండి. అద్దంలో మీవి లేస్తే పిల్లవీ లేస్తాయి" అంది.

శరత్కాలపు మధ్యాహ్నం. కొండ మీంచి దిగిన గొర్రెల మంద అప్పుడే రోడ్డు దాటింది. మలుపు వచ్చింది. మొదట మా నాన్న సమాధి, దాని పక్కన ఎర్మెక్ మొహం. ఐజిరెక్ కుడిచెయ్యి స్టీరింగు మీంచి బెత్తెడు లేచింది. నా చేతుల్ని మోకాళ్ళ కింద ఇంకా గట్టిగా అదిమిపెట్టుకున్నాను.

"రోడ్డు చూడమ్మా" అంది కాలిమన్ అక్క, గొంతు పెంచకుండా.

చెయ్యి దిగింది. వెంటనే బొగ్గు లారీ ఒకటి మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. కారు ఊగింది గాని గీత దాటలేదు.

అప్పుడు కాలిమన్ అక్క చేతుల మీద నా చూపు పడింది. వేళ్ళు వేళ్ళలో బిగించి ఒళ్ళో పెట్టుకుంది, కణుపులు తెల్లబడ్డాయి. ఆమె భర్త సమాధి కూడా ఆ వరసలోనే ఉంది. రోజుకి ఎన్నిసార్లు ఆ దారిన పోయేదో! ఒక్కసారీ చెయ్యెత్తలేదు. ప్రతి శుక్రవారం నడిచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వారమంతా ఆపుకున్న ఆమీన్ ఒక్కసారే చెప్పుకునేదట. లారీలు నడిపినవాళ్ళని చాలామందిని చూశాను. తన చేతుల్ని అలా నడిపిన మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

ఐజిరెక్ మలుపు దాటి, వెడల్పాటి చోట కారు ఆపింది. ముగ్గురం వెనక్కి నడిచాం. ఎర్మెక్ రాయి ముందు అది రెండు అరచేతులూ ఎత్తింది.

"కాస్త ఆలస్యమైంది అన్నా. బండి ఆపి వచ్చాను" అంది.